మఖమల్ పట్టాభిషేకం

మళ్ళీ పనిలోకి వెళ్ళిన మొదటి రోజున నా కోత బల్ల దగ్గర ఒక కుర్చీ వేసి ఉంది. మామూలు కుర్చీ కాదు, చేతులున్న కుర్చీ. దాని మీద ఒక మెత్త, ఆ మెత్త మీద ఇంకో మెత్త, వీపుకి ఆనించుకోవడానికి ఒక దిండు. పెళ్ళికొడుకుని కూర్చోబెట్టడానికి వేసినట్టు వేశారు. బల్ల మీద మాత్రం ఏమీ లేదు. గుడ్డ లేదు, సుద్ద లేదు, కొలబద్ద లేదు. నా కత్తెర కూడా లేదు.

"కూర్చో వదినా, కూర్చో. నువ్వు రావడమే పదివేలు!" అంది చిలక.

"రావడం సరే. నా కత్తెరేది?"

"దానికేం తొందర? ముందు కాస్త ఊపిరి పీల్చుకో."

ఇంట్లో అన్ని నెలలూ ఊపిరి పీల్చుకోవడం తప్ప ఇంకో పని చెయ్యలేదు నేను. అది ఇంట్లోనే పీల్చుకోవచ్చు, బస్సెక్కి ఇంత దూరం రానక్కర్లేదు. ఆ మాట అనబోయి, మొదటి రోజే ఎందుకులే అని నోరు మూసుకుని కూర్చున్నాను.

మేం తెరలు కుట్టేవాళ్ళం. నాటకాలాడే హాళ్ళకి, సభలు జరిగే మందిరాలకి వేదిక ముందు వేసే పెద్ద పెద్ద తెరలు. ఒక పొడవాటి గది, గది పొడుగునా నా కోత బల్ల, గోడవారన కుట్టు మెషిన్లు, ఆ మూల ఆవిరి ఇస్త్రీ. పెద్ద మెషిన్ మీద కుట్టేది చిలక. నోటికి ఆనకట్ట లేదు కాబట్టి ఆ పేరొచ్చింది, అసలు పేరు దానికే గుర్తుందో లేదో. ఇస్త్రీ దగ్గర ఉండే ఆయన అందరికీ బాబాయి. గుడ్డ చుట్టలు మోసేదీ, బల్ల మీద పరిచేదీ కూడా ఆయనే. ఇక ఈ కార్ఖానా యజమాని, మా పెద్దాయన. మనిషి సన్నగా ఉంటాడు కానీ అరిచాడంటే కిటికీ అద్దాలు అదురుతాయి. కోత నాది. నేను కోస్తేనే చిలక కుట్టాలి, చిలక కుడితేనే బాబాయి ఇస్త్రీ చెయ్యాలి.

నాకు రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు, జుట్టంతా ఊడింది. ఇప్పుడు తల మీద నూగు మొలుస్తోంది కానీ ఏ వెంట్రుక ఎటు చూస్తోందో దానికే తెలియదు, అందుకే రుమాలు కట్టుకుంటున్నాను. వైద్యం పూర్తిగా అయిపోలేదు. ఇంకా కొన్నాళ్ళు మధ్యమధ్య ఆసుపత్రికి వెళ్ళి మందు ఎక్కించుకోవాలి. కానీ డాక్టరమ్మ, "రోజుకి ఒక పూట పని చేసుకోవచ్చు, బరువులు మాత్రం ఎత్తకు," అంది. ఆ మాట చెప్పగానే పెద్దాయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పొద్దుటి పూట వస్తే చాలన్నాడు, ఆసుపత్రి రోజున రానక్కర్లేదన్నాడు, నీరసం వస్తే నడుం వాల్చడానికి వెనక గదిలో మడతమంచం వేయించాడు. అంత మంచి మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఒక్క సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మందుల వల్ల నా వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. సూది పట్టుకుంటే సూదో పుల్లో తెలియదు. మెల్లగా తగ్గుతుంది, కొంత మిగిలిపోయినా మిగిలిపోవచ్చు అంది డాక్టరమ్మ. పనిలో వాళ్ళు "ఎలా ఉన్నావు?" అంటే "భేషుగ్గా ఉన్నాను" అన్నాను. అలా చెప్పకపోతే కత్తెర ఇవ్వరని నా భయం.

చెప్పినా ఇచ్చేలా లేరని త్వరలోనే తెలిసింది. దారపు ఉండ కింద పడితే వంగబోయేలోపు ఇద్దరు వచ్చి తీసేవారు. నేను ఓ చచ్చు జోకు వేస్తే పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఇదివరకు నేను పాట ఎత్తుకుంటే "మెషిన్‌కి నూనె వెయ్యండ్రా, కీచుమంటోంది" అనే బాబాయి, ఇప్పుడు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. పెద్దాయనైతే నా ముందు గొంతు తగ్గించి, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంట్లోనూ ఇదే తంతు. మా ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. నేను మంచినీళ్ళ కోసం లేస్తే చాలు, "ఆగాగు" అంటూ ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి గ్లాసు చేతికిచ్చేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మా వంటింటి బిందె ఎక్కడుందో కూడా నేను మర్చిపోయాను.

చివరికి ఒకరోజు నేను కుర్చీలోంచి లేచి మెత్తలు రెండూ తీసి బాబాయి చేతిలో పెట్టాను. "నాకు పని ఇస్తారా, లేకపోతే ఈ కుర్చీని కూడా కోసెయ్యనా?" అన్నాను. పెద్దాయన గొంతు సవరించుకుని, ఒక సభామందిరం కోసం ఎర్ర మఖమల్ తెర ఆర్డరు వచ్చిందని, పై అంచుకి వేలాడే కుచ్చుల ఝాలరు ముక్కలు ముందు నన్ను కొయ్యమని చెప్పాడు. కత్తెర బయటికొచ్చింది. ఎత్తు స్టూలు ఒకటి బల్ల దగ్గరికి జరిపాను. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి ఎక్కువ చాపకుండా, కాస్త ఆగుతూ, కాస్త కోస్తూ, మధ్యాహ్నానికి ముక్కలన్నీ కోసేశాను. ప్రతి ముక్క వెనకా సుద్దతో చిన్న నెలవంక గీశాను. అది నా కోత అని గుర్తు.

"అబ్బ, వెన్న కోసినట్టు కోశావు వదినా!" అంది చిలక. బాబాయి భేష్ అన్నాడు. పెద్దాయన తల ఊపాడు. నేను బస్సులో గాల్లో తేలుతూ ఇంటికెళ్ళి మా ఆయనకి గొప్పలు పోయాను.

ఇక్కడ మా పట్టాభిషేకం గురించి చెప్పాలి. మా కార్ఖానాలో ఎవరు గుడ్డ పాడుచేసినా, ఆ పాడైన ముక్కని భుజాల మీదుగా కప్పుకుని సాయంత్రం దాకా అలాగే పని చెయ్యాలి. దానికి ముందు పెద్దాయన చేత తనివితీరా తిట్లు తినాలి. తిట్లయ్యాక అందరూ చప్పట్లు కొట్టి ముక్క కప్పుతారు. అదే పట్టాభిషేకం. చిలకకి ఏడాదికి నాలుగైదు సార్లు అవుతుంది. నాకూ అయింది. ఒకసారి పెద్దాయనే కొలత తప్పు రాసుకొచ్చి, బూడిదరంగు తెర ముక్క కప్పుకుని కూర్చుంటే, ఆర్డరివ్వడానికొచ్చిన పెద్దమనిషి ఆయన్ని వేషగాడనుకుని "మీ యజమాని ఎక్కడయ్యా?" అని అడిగాడు. తప్పు చేసినవాళ్ళు ఎవరైనా సరే, ముక్క కప్పుకోవలసిందే. అలా కప్పుకుంటే ఆ తప్పు అక్కడితో సరి, మర్నాడు దాని ఊసెత్తేవాళ్ళుండరు.

ఝాలరు కోసిన కొన్నాళ్ళకి నాకో చిన్న ముక్క కావలసి వచ్చింది. తిమ్మిరి వేళ్ళకి కత్తెర పిడి జారిపోతోంది, దానికి ఏదైనా మెత్తటి గుడ్డ చుడదామనుకుని పీలికల గోతంలో చెయ్యి పెట్టాను. ఎర్ర మఖమల్ తగిలింది. లాగితే ఝాలరు ముక్క వచ్చింది. ఇంకోటి లాగాను. ఇంకోటి. అన్నింటి వెనకా నెలవంకలు.

వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో పక్కపక్కన పెట్టి చూశాను. కొన్ని నిగనిగలాడుతున్నాయి, కొన్ని నల్లబడినట్టున్నాయి. మఖమల్‌కి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుగ్గా ఉంటుంది. తెరలో ముక్కలన్నింటి నూగూ ఒకే వైపు ఉండాలి. ఒక్కటి తిరగబడినా వేదిక దీపాలు పడగానే అతుకు వేసినట్టు కనబడిపోతుంది. మా గదిలో ట్యూబులైటు కింద అది కంటికి ఆనదు, చేత్తో నిమిరి తెలుసుకోవాలి. ఇన్నేళ్ళూ నా చెయ్యే చెప్పేది. ఈసారి అది నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు.

ముక్కలన్నీ తెచ్చి బల్ల మీద పడేశాను.

"ఇవి ఎవరు కోశారు?" అన్నాను.

మెషిన్లు ఆగిపోయాయి.

"నేను కోశాను. సగం తిరగబడ్డాయి. మీకు తెలుసు. నేను వెళ్ళాక మీరే మళ్ళీ కోసుకున్నారు. అవునా?"

"కుడుతుంటే నా చేతికి తగిలింది వదినా," అంది చిలక నేల చూపులు చూస్తూ. "నువ్వేమో అంత సంతోషంగా వెళ్ళావు..."

"మరి పట్టాభిషేకం ఏది? నాకెందుకు చెయ్యలేదు?"

"అదేంటమ్మాయ్," అన్నాడు బాబాయి. "నీ ఒంట్లో బాగాలేదు కదా. నిన్ను తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది?"

"ఒంట్లో బాగా లేకపోతే తప్పులు కూడా నావి కాకుండా పోతాయా?"

పెద్దాయన వచ్చాడు. అదే మెత్తటి గొంతుతో, "చూడమ్మా, రేపు పెద్ద తెర కొయ్యాలి. ఒక్క చుట్టే వచ్చింది, తప్పితే ఇంకో చుట్ట దొరకదు. బయటి కోత మనిషిని రమ్మన్నాను. నువ్వు ముందు గదిలో ఫోన్లు చూసుకో. జీతంలో తేడా ఉండదు. నీ ఆరోగ్యం కంటే ఏదీ ఎక్కువ కాదు," అన్నాడు.

నిజంగానే ప్రేమతో అన్నాడు. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది. ఈ రోగం నా జుట్టు పట్టుకుపోయింది, రొమ్ము పట్టుకుపోయింది. కోత బల్ల కూడా పట్టుకుపోతుందనుకోలేదు. అక్కడ ఏడిస్తే మళ్ళీ మెత్తలు తెస్తారు.

"రేపు నేను వచ్చేదాకా చుట్ట మీద కత్తెర పెట్టకండి. ఆ తర్వాత మీ ఇష్టం," అని, ఝాలరు ముక్కలు రెండు సంచిలో కుక్కుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాను. కడుక్కున్నానా, ఏడ్చానా అంటే రెండూ. తువ్వాలుతో మొహం తుడుచుకుంటుంటే చటుక్కున ఆగాను. తువ్వాలు గరుగ్గా ఉంది. గరుగ్గా ఉందని నాకు తెలుస్తోంది. వేళ్ళకి తెలియడం లేదు, బుగ్గకి తెలుస్తోంది! మందులు వేళ్ళనే పట్టుకున్నాయి, బుగ్గ జోలికి రాలేదు.

సంచిలోంచి ముక్క తీసి బుగ్గకి రాసుకున్నాను. ఇటు నున్నన, అటు గరుకు. మళ్ళీ రాసుకున్నాను. మళ్ళీ అదే. మా ఆయన బడి నుంచి వచ్చేసరికి నేను మఖమల్ ముక్కతో మొహం తోముకుంటున్నాను.

"ఏమైంది?" అన్నాడు కంగారుగా.

సంగతి చెప్పాను. లెక్కల మాస్టారికి పరీక్ష అంటే ఎక్కడలేని హుషారు. నా తల రుమాలు విప్పి కళ్ళకి గంతలు కట్టాడు. ముక్కని ఇటు తిప్పి, అటు తిప్పి బుగ్గకి ఆనించాడు. నేను "నున్నన", "ఎదురు" అని చెబుతూ పోయాను. ఒక్కటీ తప్పలేదు. "నూటికి నూరు!" అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో ఆనింది.

"ఇదేమిటో చెప్పు."

"రెండు రోజులుగా గీయని గడ్డం. ఎదురు నూగు. కోతకి పనికిరాదు."

మా ఇంట్లో ఇద్దరం ఒకేసారి అంత గట్టిగా నవ్వి చాలా కాలమైంది.

మర్నాడు బయటి కోత మనిషి కంటే ముందే నేను వెళ్ళాను. బాబాయి అప్పటికే మఖమల్ చుట్టని బల్ల మీద కొంత విప్పి, టీ తాగడానికి వెళ్ళాడు. గదిలో ఎవరూ లేరు. స్టూలు ఎక్కి, వంగి, కళ్ళు మూసుకుని, బుగ్గ మఖమల్ మీద ఆనించాను. మెల్లగా మొహం జరిపాను. నున్నన. అంచు దాకా నున్ననే. నూగు కిందికే ఉంది. నా పాత బల్ల, నా గుడ్డ, నాకు తెలుస్తోంది! లేవబుద్ధి కాలేదు. రెండు చేతులూ చాపి అలాగే బల్ల మీద వాలిపోయాను. రుమాలు ఎప్పుడు జారిందో తెలియదు.

సరిగ్గా అప్పుడు చిలక మంచినీళ్ళ జగ్గుతో లోపలికి వచ్చింది.

"అయ్యయ్యో! వదిన పడిపోయింది! ఎవరైనా రండి!" అని ఒక్క కేక పెట్టి, జగ్గు జగ్గంతా నా నెత్తిన కుమ్మరించింది.

నేను ఎగిరిపడి లేచాను. బాబాయి మడతమంచాన్ని భుజాన వేసుకుని ఒక గుమ్మంలోంచి, పెద్దాయన చెవిన ఫోను పెట్టుకుని ఇంకో గుమ్మంలోంచి ఊడిపడ్డారు. "అంబులెన్సు! ఒక అంబులెన్సు!" అంటున్నాడాయన.

"ఎవరికి అంబులెన్సు? నేను నూగు చూస్తున్నాను!" అని అరిచాను, ముక్కు మీంచి నీళ్ళు కారుతుండగా.

"బల్ల మీద పడుకునా?" అంది చిలక.

"బుగ్గతో! వేళ్ళకి తెలియడం లేదే. తిమ్మిరి. మందులు వేసినప్పటి నుంచీ అంతే. బుగ్గకి తెలుస్తోంది. కావాలంటే చూడండి."

పెద్దాయన ఫోను పెట్టేశాడు. నిన్నటి ఝాలరు ముక్కలు తెచ్చి, నన్ను కళ్ళు మూసుకోమని, వాటిని ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. నేను మొహం తుడుచుకుని, బుగ్గ ఆనించి చెప్పాను. చిలక చేత్తో నిమిరి సరిచూసింది. కొన్నయ్యాక అది సరిచూడ్డం మానేసి ముక్కు చీదుకోవడం మొదలుపెట్టింది.

కళ్ళు తెరిచేసరికి పెద్దాయన మొహం ఆ మఖమల్ కంటే ఎర్రగా ఉంది.

"వేళ్ళు పనిచెయ్యడం లేదని చెప్పడానికి నీ నోటికేం రోగం వచ్చింది?" అని ఒక్కసారిగా అరిచాడు. కిటికీ అద్దాలు అదిరాయి. "భేషుగ్గా ఉందంట, భేషుగ్గా! మంచి మఖమల్ గోతంలో పోయించావు! ఇక్కడ ఇంతమందికి చేతులున్నాయి కదా, 'ఒకసారి నిమిరి చెప్పండర్రా' అంటే నీ సొమ్మేం పోయేది? బాబాయి చుట్ట విప్పినప్పుడే సుద్దతో బాణం గుర్తు గీసేవాడు కదా! ఇన్నేళ్ళు కలిసి పనిచేసి మమ్మల్ని పరాయివాళ్ళని చేస్తావా? బుద్ధుందా నీకు?"

ఎన్ని నెలలైంది నన్ను ఎవరైనా తిట్టి! నిలబడి ఒక్కొక్క మాటా విన్నాను. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నేను, "మీరు మాత్రం? తప్పు చేశానని చెప్పకుండా దాస్తారా? నేనేమన్నా గాజు బొమ్మనా?" అన్నాను.

"మాది కూడా తప్పే!" అని అదే గొంతుతో అరిచాడు. అరిచాక ఆ మాట ఆయనకే విచిత్రంగా వినిపించినట్టుంది, మెల్లగా, "మాదీ తప్పే అమ్మా," అన్నాడు. "ఏం సాయం కావాలో నిన్ను అడగాల్సింది. మాకు తోచింది మేం చేసుకుపోయాం."

అప్పుడు నేను తలారబెట్టుకుంటూ బల్ల వైపు చూశాను. "చిలకా," అన్నాను. "మఖమల్ మీద నీళ్ళు."

అదృష్టం బాగుండి నీళ్ళు చుట్ట మొదట్లో, అంచు మడత కోసం అదనంగా ఉంచిన చోట పడ్డాయి. కానీ నీళ్ళు పడ్డ మఖమల్ పాడైన మఖమలే. బాబాయి గొంతు సవరించుకుని, "ఇద్దరికీ పట్టాభిషేకం!" అని ప్రకటించాడు.

తడిసిన ముక్క నేనే కోసి చిలక భుజాల మీద కప్పాను. నెలవంకలున్న ఝాలరు ముక్కలు గుచ్చి పెద్దాయన నా భుజాల మీద కప్పాడు. చప్పట్లు కొట్టారు. బయటి కోత మనిషి అప్పుడే గుమ్మంలోకి వచ్చి, ఎర్ర మఖమల్ కప్పుకుని కౌగిలించుకుని ఏడుస్తూ నవ్వుతున్న ఇద్దరు ఆడవాళ్ళని చూసి బిత్తరపోయాడు. పెద్దాయన ఆయనకి టీ ఇప్పించి పంపేశాడు.

బాబాయి బాణాలు గీశాడు, నేను బుగ్గతో మళ్ళీ సరిచూసుకున్నాను, తెర కొయ్యడం మొదలుపెట్టాను. చెయ్యి లాగినప్పుడు "చిలకా, ఈ కొస పట్టుకో" అన్నాను. అడగడం కొత్తలో కాస్త నామోషీగా ఉంది, తర్వాత అలవాటైంది. పూట అయిపోయేసరికి సగం తెర తయారైంది.

వెళ్ళబోతుంటే చిలక, "ముక్క తీసెయ్యి వదినా. నీది ఒక్క పూటేగా," అంది.

"పనికే ఒక్క పూట. పట్టాభిషేకానికి ఆ లెక్క లేదు. సాయంత్రం దాకా అంటే సాయంత్రం దాకానే," అన్నాను.

అలాగే బస్సెక్కాను. జనం గుడ్లప్పగించి చూశారు. "నాటకమా అమ్మా?" అన్నాడు కండక్టరు.

"కాదు బాబూ, ఉద్యోగం," అన్నాను.

సాయంత్రం మా ఆయన బడి నుంచి వచ్చేసరికి ఝాలరు కప్పుకునే కూర్చున్నాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. మా పట్టాభిషేకం సంగతి ఆయనకి ఎప్పటి నుంచో తెలుసు.

"తప్పు చేశావా?" అన్నాడు.

"చేశాను."

"తిట్టారా?"

"కిటికీలు అదిరేలా తిట్టారు."

సంచి కింద పెట్టి, నా ఎదురుగా కూర్చున్నాడు. నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకున్నాడు.

"గొంతెండిపోతోంది," అన్నాడు. "కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు."

నేను లేచి, వంటింట్లోకి వెళ్ళి, బిందె ఎక్కడుందో వెతుక్కుని, తెచ్చి ఇచ్చాను.